మునగని జర్మన్ ఓడకు మాసిక

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిదని అడుగుతుంటారు. అది నన్ను అడిగి లాభం లేదు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ముప్పై ఒక్క ఏళ్ళు మోడల్స్ చేశాను. అందులో సగం కాలం కత్తి, స్కేలు, జిగురుతో గడిచింది. మిగతా సగం మిషన్లు వచ్చాక వాటిని నడిపేవాళ్ళ మీద అరవడంతో గడిచింది.

ప్రమోషన్ల గురించి, గోడకు తగిలించిన సర్టిఫికెట్ల గురించి ఇందులో రాయను. పని నిజంగా ఎలాంటిదో రాస్తాను. నేను చేసిన పెద్ద తప్పు ఒకటి, అందులోంచి నన్ను బయటపడేసిన మనిషి గురించీ రాస్తాను. ముందే చెబుతున్నాను, ఇందులో కొంత గొప్పలు చెప్పుకోవడం కూడా ఉంటుంది. ఇన్నేళ్ళు చేతులు కోసుకున్నవాడికి ఆ మాత్రం హక్కు ఉందని నా నమ్మకం.

లేనిదాన్ని చూపించడం

దుబాయ్‌లో ఏ టవరైనా ముందు మాలాంటివాళ్ళ టేబుల్ మీద లేస్తుంది. అక్కడ ఇంకా ఇసుక తప్ప ఏమీ లేనప్పుడే, అమ్మకాల ఆఫీసులో గాజుపెట్టెలో మా మోడల్ వెలుగుతూ ఉంటుంది. దాన్ని చూసి జనం ఫ్లాట్లు కొంటారు. అందులో ఈతకొలను ఉంటుంది, ఖర్జూరపు చెట్లుంటాయి, బియ్యపుగింజంత మనుషులుంటారు. ఎండాకాలంలో కూడా ఆ మనుషులకు చెమట పట్టదు. అదే మా పని.

నాకు ఈ పని నేర్పిన మొదటి ముదీర్, అంటే మేనేజరు, లెబనాన్ మనిషి. కోపిష్టి, కాని చేతిలో పనితనం ఉన్నవాడు. ఒకసారి నలభై అంతస్తుల టవర్ ప్యాకింగ్‌కు వెళ్ళబోతుంటే, పదిహేడో అంతస్తు అద్దం లోపలివైపు నా వేలిముద్ర ఒకటి ఆయన కంటపడింది. అప్పగించడానికి రెండు రోజులే ఉంది. ఆ ముఖభాగం మొత్తం ఊడదీయించి మళ్ళీ చేయించాడు. "ఇల్లు కొనేవాడికి నీ వేలు కనిపించకూడదు" అన్నాడు.

అప్పటినుంచి శుభ్రత నాకు పిచ్చిలా పట్టుకుంది. గీత అంటే సూటిగా ఉండాలి, కుడి ఎడమలు అచ్చు ఒకేలా ఉండాలి, రంగు అద్దంలా ఉండాలి. నా కింద పనిచేసిన ప్రతివాడికీ ఇదే నూరిపోశాను. షార్జాలో మా షాపు ఫినిషింగ్ లాంటిది ఇంకొకటి లేదని పోటీవాళ్ళు కూడా ఒప్పుకునేవాళ్ళు. ఇది ఎక్కడ పనికిరాదో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడొకడు ఉన్నాడు, వాణ్ణి నేను ప్యాకింగ్ సెక్షన్‌కు పంపించాను.

కెప్టెన్ తెచ్చిన ఫోటో

2020లో కరోనా వచ్చి అమ్మకాల ఆఫీసులన్నీ మూతపడ్డాయి. మళ్ళీ తెరిచాక చాలామంది మోడల్ బదులు గోడంత స్క్రీన్ పెట్టుకున్నారు. ఇరవై ఆరుగురం ఉండే మా సెక్షన్‌లో చివరికి తొమ్మిదిమంది మిగిలాం. ఒకరోజు కొత్త ముదీర్, అంటే పాతాయన కొడుకు, నన్ను కేబిన్‌లోకి పిలిచి, ఏడాది చివరికి మోడల్ సెక్షన్ ఎత్తేసి ఆ హాలు సైన్‌బోర్డుల పనికి ఇస్తున్నామని చెప్పాడు. నాకు ఎలాగూ రిటైరయ్యే వయసు వచ్చింది. మిగతా ఎనిమిదిమందికి మాత్రం వీసా రద్దు, చేతికి టిక్కెట్టు. ఆ మాట వాళ్ళకు నన్నే చెప్పమన్నాడు. కేబిన్ తలుపు దగ్గరికి వచ్చేసరికి, "పెద్ద ఆర్డర్ ఏదైనా వస్తే అప్పుడు చూద్దాంలే" అని మర్యాదకు ఒక మాట అన్నాడు.

నేను వాళ్ళకు ఏమీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక రోజులు నెట్టుకొచ్చాను. ఆ రోజుల్లోనే కెప్టెన్ వచ్చాడు.

ఆయన అక్కడి దేశస్థుడు, అరబ్బు. బతుకంతా ఓడల మీద గడిపి, ఇప్పుడు ఓడ పని నేర్పే స్కూల్లో పాఠాలు చెబుతున్నాడు. మా అందరికంటే మంచి హిందీ మాట్లాడతాడు. టేబుల్ మీద ఒక పాత ఫోటో పెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక అది. దాని పేరు మా షాపులో ఎవరికీ నోరు తిరగక చివరిదాకా 'జర్మన్' అనే పిలిచాం.

"ఇది మునిగిపోయింది. నాకు మునగనిది కావాలి" అన్నాడు.

తర్వాత కుర్చీ లాక్కుని కథ చెప్పాడు. అంత పెద్ద ఓడను పడగొట్టింది పెద్ద ఫిరంగులు కాదట. గుడ్డ చుట్టిన పాతకాలపు చిన్న విమానం ఒకటి వదిలిన టార్పెడో వెళ్ళి సరిగ్గా వెనక చుక్కాని దగ్గర తగిలింది. చుక్కాని బిగుసుకుపోయి ఓడ సముద్రంలో గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్ రేవు ఇంకొక రోజు ప్రయాణం. ఈలోపు ఇంగ్లీషువాళ్ళ ఓడలు చుట్టుముట్టి తెల్లారాక ముంచేశాయి.

"అదే టార్పెడో కొన్ని గజాలు ముందు తగిలి ఉంటే? ఎడమవైపు పొట్టకు చిల్లు పడేది, నీళ్ళు ఎక్కేవి, కాని చుక్కాని పనిచేసేది. కుంటుకుంటూ రేవు చేరేది. డ్రై డాక్‌లో పెట్టి బాగుచేసేవాళ్ళు. రెండేళ్ళ తర్వాత ఆ ఓడ ఎలా ఉండేదో అది చేసిపెట్టు."

నాకు ఒక అనుమానం వచ్చింది. "సార్, ఆ ఓడ బతికితే లోకానికి మంచిదా?" అని అడిగేశాను.

కెప్టెన్ ఫోటో మీద వేలు పెట్టాడు. "కాదు. అందుకే చేయిస్తున్నాను. అది బతికి ఉంటే తిండి మోసుకెళ్ళే ఓడలు ఎన్నిటిని ముంచేదో. ఆ ఓడల అడుగున బొయిలర్ల దగ్గర బొగ్గు వేసినవాళ్ళు చాలామంది మీ దేశపు ఖలాసీలే. కొన్ని గజాల తేడాతో ఎంతమంది బతుకులు మారతాయో నా స్టూడెంట్లకు కళ్ళతో చూపించాలి."

ఓడ మీద నాకు ప్రేమ పుట్టలేదు గాని, ఆ మనిషి మీద గౌరవం పుట్టింది. ఆర్డర్ ఒప్పుకున్నాను. రెండున్నర మీటర్ల పొడవు. ఇది నచ్చితే స్కూలుకు ఇంకా ఓడలు కావాలని ముదీర్‌తో కూడా అన్నాడు. సెక్షన్ బతకాలంటే ఈ ఓడ ఆయనకు నచ్చాలి. అంతకంటే విడమరిచి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాకినాడవాడి గొప్పలు

"ఓడలు ఎప్పుడైనా చేశావా?" అని కెప్టెన్ అడిగితే, "మాది కాకినాడ సార్, రేవు ఊరు" అన్నాను. నిజమేమిటంటే కాకినాడలో ఓడను ఒడ్డు మీద వేరుశనక్కాయలు తింటూ చూశాను. ఒక్కసారి కూడా దగ్గరికి వెళ్ళలేదు. గొప్పలకు పోయి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక తెలియదనడానికి నామోషీ.

మా షాపులో తెలిసినవాడు ఒకడు ఉన్నాడు. మస్తాన్, నెల్లూరు మనిషి. మా దగ్గర స్ప్రే పెయింటర్. అంతకుముందు పన్నెండేళ్ళు ఓడలు రిపేరు చేసే డ్రై డాక్‌లో పనిచేశాడు. రేకులు కొయ్యడం, అతకడం, గీకి రంగు వెయ్యడం అన్నీ చేసినవాడు. ఓడ పొట్టకు మొదటి పూత ప్రైమర్ వేస్తూ నన్ను పిలిచాడు.

"సార్, దీనికి దెబ్బ యాడ తగిలిందంట?"

"ఎడమవైపు వెనక. తర్వాత బాగుచేసేశారులే."

"బాగుజేస్తే ఆ జాగా కనపడాల గదా సార్. అతుకేసిన రేకు ఒక తీరుగా ఉంటాది, పాత రేకు ఒక తీరుగా ఉంటాది. ఇట్టా నున్నగా ఉంటే అది నీళ్ళలో దిగని ఓడ."

"మస్తాన్, నువ్వు రంగు చూసుకో. డ్రాయింగ్ సంగతి నేను చూసుకుంటాను."

మా పనిలో ఒక చెడ్డ అలవాటుంది. డ్రాయింగ్ చదివేవాడు ఎక్కువ, రంగు వేసేవాడు తక్కువ. కిందివాణ్ణి సలహా అడిగిన ఫోర్‌మన్‌ను నేను ఎక్కడా చూడలేదు, నేనూ అడగలేదు. మర్నాడు వచ్చి చూస్తే ఓడ పొట్ట మీద ఒకచోట మస్తాన్ పుట్టీతో మాసికలాంటిది వేసి పెట్టాడు. నాకు చూపించాలని చేశాడు. అద్దంలాంటి నా ఫినిషింగ్ మీద ఆ ముద్ద చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ తిట్టాను. దాన్ని గీకించి, మర్నాటి నుంచి అతణ్ణి ప్యాకింగ్‌లో వేశాను. "సరే సార్" అన్నాడు, అంతే. ఆ "సరే సార్" తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎన్ని టార్పెడోలు?

మస్తాన్‌ను తిట్టానే గాని, రిపేరు గుర్తు కనిపించాలని కెప్టెన్ కాగితం మీద రాసే ఇచ్చాడు. కాబట్టి మాసిక పెట్టాలి. నా పద్ధతిలో పెట్టాను. నాలుగు మూలలూ లంబంగా ఉన్న చక్కటి చతురస్రం గీసి, లేజర్ మిషన్ దగ్గరుండే గంగాధర్‌కు ఇచ్చాను. గంగాధర్ది జగిత్యాల. పనిమంతుడు. ఒకసారి చెబితే రెండోసారి అడగడు. ఈసారి అడిగి ఉంటే బాగుండేది.

బిల్డింగు మోడల్లో మేం ఎప్పుడూ ఒక పక్కే గీస్తాం. రెండో పక్క దాన్నే కంప్యూటర్లో తిప్పి కోస్తాం. గంగాధర్ ఓడకూ అదే చేశాడు. మాసిక ఎడమవైపు వచ్చింది, సరిగ్గా అదే కొలతతో కుడివైపు కూడా వచ్చింది. దాన్ని నేను టేప్ పెట్టి కొలిచాను. రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేదని మురిసిపోయి, షీటు మీద సంతకం పెట్టాను. ఇలాంటి తప్పు ఓడలు కట్టేవాడు చెయ్యడు, ఓడంటే ఏమిటో తెలియనివాడూ చెయ్యడు. జీవితమంతా టవర్లు చేసినవాళ్ళే చెయ్యగలరు.

కెప్టెన్ వచ్చాడు. ముదీర్ పక్కన నిలబడ్డాడు. కెప్టెన్ ఎడమవైపు నడిచి మాసిక దగ్గర ఆగాడు. చుట్టూ తిరిగి కుడివైపు వచ్చి మళ్ళీ ఆగాడు.

"ఎన్ని టార్పెడోలు తగిలాయి?"

"ఒకటే సార్."

"ఇటు దూరి అటు బయటికి వచ్చిందా?"

వెనకనుంచి గంగాధర్ మెల్లగా నా చెవిలో, "సార్, రోజు లెక్కనే మిర్రర్ కొట్టిన. మీరు సుత సూసిండ్రు గద" అన్నాడు. నిజమే, చూశాను.

కెప్టెన్ నవ్వలేదు. ఓడ పొట్ట మీద అరచెయ్యి పెట్టి ముందునుంచి వెనక్కి నిమిరాడు. "ఇది నిన్న షోరూం నుంచి వచ్చిన ఓడ. దీనికి ఏ దెబ్బా తగల్లేదు, ఎవరూ బాగుచెయ్యలేదు. మూడు వారాలు చూస్తాను. అప్పుడు కూడా ఇలాగే ఉంటే ఖలాస్" అని వెళ్ళిపోయాడు. ముదీర్ నావైపు చూసి, "వాళ్ళకు చెప్పావా?" అని అడిగాడు. లేదన్నాను. "చెప్పు ఇక" అన్నాడు.

ఆ రోజు చెప్పాను. ఏడాది చివరికి మూసేస్తున్నారని, ఈ ఓడ ఒక్కటే ఆశ అని, దాన్ని పాడుచేసింది గంగాధర్ కాదు నేనని చెప్పాను. అందరూ తలవంచుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళారు. ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండేది.

చేత్తో తడమండి

మర్నాడు పది గంటల టీ వేళకు ప్యాకింగ్ సెక్షన్‌కు వెళ్ళాను. మస్తాన్ అట్టపెట్టెల మీద కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్ళూ అక్కడే ఉన్నారు. పక్కకు పిలిచి మాట్లాడదామా అనుకున్నాను. తిట్టింది అందరి ముందు కదా, ఇది కూడా అందరి ముందే కావాలనిపించింది.

"మస్తాన్, నాకు ఓడలు తెలియవు. తెలుసని అబద్ధం చెప్పాను. నువ్వు చెప్పింది వినకుండా నిన్ను తిట్టడం తప్పు. ఇప్పుడు నువ్వు చెప్పు, నేను చేస్తాను."

మస్తాన్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఇక్కడ చెప్తే తెలీదు సార్. సూడాల" అన్నాడు.

శనివారం మా ఇద్దర్నీ, అంటే నన్నూ గంగాధర్‌నూ, పక్కనే ఉన్న అజ్మాన్‌లో ఓడలు రిపేరు చేసే చోటికి తీసుకెళ్ళాడు. అక్కడ పాత స్నేహితులు ఉన్నారు, లోపలికి రానిచ్చారు. ఒక సరుకుల ఓడ ఒడ్డుకెక్కి ఉంది. నేను జేబులోంచి పుస్తకం తీశాను.

"రాసుకోబాకండి సార్. ముందు చేత్తో తడమండి."

తడిమాను. దూరంనుంచి నున్నగా కనిపించిన ఇనుము చేతికింద ఎగుడుదిగుడుగా ఉంది. లోపల పక్కటెముకలు ఉన్నచోట గట్టిగా, వాటి మధ్య లోపలికి లొట్టపోయి ఉంది. ఏళ్ళ తరబడి అలలు కొట్టీ కొట్టీ అలా అవుతుందట. బక్కచిక్కిన గొడ్డు డొక్కలా ఉంది. కొత్తగా వేసిన రేకు ఒక్కటే దాని మధ్యలో చదునుగా ఉంది. మస్తాన్ దాని మూల దగ్గర నా వేలు పెట్టించాడు.

"మూల ఎట్టుంది?"

"గుండ్రంగా ఉంది."

"మూలలు సూదిగా కోస్తే సముద్రంలో ఓడ ఊగినప్పుడు ఆ మూలనించే పగులు పుట్టుకొస్తాది. అందుకని గుండ్రంగా కోస్తాం. మీరు పెట్టిన మాసికతో ఆ ఓడ నెల్లాళ్ళు గూడా బతకదు సార్."

గంగాధర్ నన్ను చూసి, "సార్, మనం ముంచినం దాన్ని" అన్నాడు. నాకు ఆ మాట నవ్వు తెప్పించలేదు.

మూడు వారాలు మస్తాన్ చెప్పాడు, నేను చేశాను. కుడివైపు మాసిక పీకేశాం. వేడిగాలి గన్‌తో ఓడ పొట్టను పక్కటెముకల మధ్య కొద్దికొద్దిగా లోపలికి దించాం. నా అద్దంలాంటి ఫినిషింగ్‌ను నా చేతులతోనే పాడుచేశాను. మొదటి రోజు ప్రాణం ఉసూరుమంది, మూడో రోజుకు సరదా పుట్టింది. ఎడమవైపు మూలలు గుండ్రంగా కొత్త రేకు, దాని చుట్టూ సన్నటి వెల్డింగు గీత. రంగు విషయంలో మస్తాన్ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. పాత బూడిదరంగు, కొత్త రేకు మీద ఇంకాస్త ముదురు, రెండూ కలిసేచోట బ్రష్షు తొందరలో దాటిన చార. "యుద్ధంలో ఎవుడికి తీరిక ఉంటాది సార్, గీత గీసి రంగెయ్యడానికి?" అన్నాడు. ముప్పై ఏళ్ళు బ్రష్షు గీత దాటితే జీతం కోస్తానని బెదిరించినవాణ్ణి, ఆ చారను చూస్తూ నిలబడిపోయాను. ఆ పని అంత బాగుంది.

ఎవరు బాగుచేశారు?

స్కూలు హాల్లో ఓడను దించాం. తొమ్మిదిమందిమీ వెళ్ళాం, ముదీర్ కూడా వచ్చాడు. కెప్టెన్ కళ్ళజోడు పెట్టుకుని ఎడమవైపు వంగాడు. చాలాసేపు లేవలేదు. రేకు మూల మీద వేలు తిప్పాడు. లేచి ముదీర్‌తో, "ఇంకా నాలుగు ఓడలు కావాలి. వీళ్ళే చెయ్యాలి" అన్నాడు.

ముదీర్ నా భుజం మీద చెయ్యి వేసి, సెక్షన్ ఉంటుంది, నువ్వు రిటైర్మెంట్ ఆపుకుని ఇంకో రెండేళ్ళు నడిపించు అన్నాడు. నేను కాదు, మస్తాన్ నడిపించాలి అన్నాను. "అతను పెయింటర్ కదా, డ్రాయింగ్ చదవగలడా?" అన్నాడు. అంతలో స్టూడెంట్లు లోపలికి వచ్చారు.

వాళ్ళలో ఒక అమ్మాయి ఓడ చుట్టూ తిరిగి, మాసిక దగ్గర ఆగి కెప్టెన్‌ను అడిగింది. "సార్, దీన్ని ఎవరు బాగుచేశారు?"

ఏ దేశంవాళ్ళు, ఏ రేవులో అని ఆ అమ్మాయి ఉద్దేశం. కెప్టెన్ మస్తాన్ వైపు తిరిగి, "ఆయన్నే అడుగు" అన్నాడు.

మస్తాన్ ఒకసారి నావైపు చూశాడు. తర్వాత ముందుకు వెళ్ళి హిందీలో మొదలుపెట్టాడు. "ఫ్రాన్స్‌లో డ్రై డాక్‌లోకి ఎక్కించినాం. ముందు లోపలి నీళ్ళు తోడేసినాం. చిరిగిన రేకు మొత్తం కోసేసినాం, పగులు యాడిదాకా పోయిందో తెలవాల గదా. లోపల పదకొండు పక్కటెముకలు వంగినాయి, మార్చినాం. ఆ తర్వాతే కొత్త రేకు. యాభై రోజులు పట్టింది." మూలలు ఎందుకు గుండ్రంగా కోశారో వాళ్ళ వేళ్ళు పెట్టించి చెప్పాడు. స్టూడెంట్లు రాసుకున్నారు. కెప్టెన్ ఒక్క మాట కూడా సరిదిద్దకుండా వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాడు. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. ఎన్నో టవర్ల ప్రారంభాలకు ముందు వరసలో నిలబడ్డాను గాని, ఇంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు.

ముదీర్ చివరిదాకా విన్నాడు. బయట కారు దగ్గర నన్నడిగాడు. "అతని వీసాలో వృత్తి ఏమని ఉంది?"

"పెయింటర్."

"మోడల్ మేకర్ అని మార్పించు. సెక్షన్ అతనికి అప్పగించి నువ్వు వెళ్ళు."

తిరిగి వస్తుంటే వ్యాన్‌లో చెప్పాను. ఏడుగురు ఒక్కసారిగా మాట్లాడారు. గంగాధర్ ఇంటికి ఫోన్ కలిపి, "నేనొస్తలేను, ఈడనే ఉంటున్న" అని గట్టిగా చెప్పాడు. మస్తాన్ కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడం చూశాను. తేలిక చేద్దామని, "ఏమయ్యా మస్తాన్, వాళ్ళకు యాభై రోజులు పట్టిందని చెప్పావు, మనం మూడు వారాల్లో ఎట్లా చేశాం?" అని అడిగాను.

"వాళ్ళకి పైనించి బాంబులు పడతా ఉండె గదా సార్. మనకి అడ్డం ఉండింది మీరొక్కరే. తప్పుకున్నారు గదా."

వ్యాన్ మొత్తం నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.